రేపటికి ఎంత నానబెట్టాలి? తిరుపతి పిండి యూనిట్ ఒకటి, కేస్ స్టడీ

ఇడ్లీ, దోసె పిండి వ్యాపారంలో అసలు నిర్ణయం మధ్యాహ్నం రెండింటికి జరుగుతుంది. ఆ టైముకి ఉప్పుడు బియ్యం ఒక డ్రమ్ములో, మినపగుళ్లు ఇంకో డ్రమ్ములో నీళ్లు పోసి పెట్టాలి. నాలుగైదు గంటలు నానాక సాయంత్రం ఏడు ప్రాంతంలో గ్రైండర్లు వేస్తారు. రుబ్బడం అయ్యేసరికి రాత్రి పదకొండు. పిండి కాస్త పొంగడం మొదలుపెట్టగానే ప్యాకింగ్, ఆ వెంటనే కోల్డ్‌రూమ్. తెల్లవారుజామున నాలుగున్నరకు వ్యాను షెడ్డు దాటాలి. ఒకసారి నీళ్లు పోసిన బియ్యం మళ్లీ బస్తాలోకి వెళ్లదు. రేపు ఎంత అమ్ముడవుతుందో తెలియకముందే, నిన్నటి సరుకు ఎంత మిగిలిందో పూర్తిగా తేలకముందే ఈ అంకె చెప్పేయాలి.

నేను చెప్పబోయే యూనిట్‌లో తొమ్మిదేళ్లుగా ఆ అంకె ఒక్కరే చెబుతూ వచ్చారు. యజమానురాలు తన పేరు, కంపెనీ పేరు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు. లెక్కల్లో నిష్పత్తులు చెడకుండా అంకెలు కొద్దిగా మార్చాను. మిగతాదంతా జరిగినట్టే రాస్తున్నాను.

2014లో కొర్లగుంటలో ఇంటి వరండాలో పది లీటర్ల టిల్టింగ్ గ్రైండర్ ఒక్కదానితో మొదలుపెట్టారు. కోయంబత్తూరు నుంచి తెప్పించిన ఆ మిషను ఇప్పటికీ ఆఫీసు గది మూలన ఉంది. చుట్టుపక్కల దేవస్థానం ఉద్యోగుల ఇళ్లు, తర్వాత బైరాగిపట్టెడ, ఎం.ఆర్.పల్లి వైపు కిరాణా కొట్లు. టర్నోవరు 12 లక్షలు దాటినప్పుడు అప్పటి నిబంధన ప్రకారం ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రాష్ట్ర లైసెన్సు తీసుకుని రేణిగుంట రోడ్డు పక్క షెడ్డుకు మారారు. 2023 నాటికి పరిస్థితి ఇది: మామూలు రోజున 900 కిలోల పిండి. అందులో 650 కిలోలు కిలో ప్యాకెట్లుగా రెండొందల పైచిలుకు కొట్లకు, మిగతా 250 హోటళ్లు, మెస్సులు, పీజీ హాస్టళ్లకు డబ్బాల్లో. పద్నాలుగు మంది పనివాళ్లు. అప్పు పెద్దగా లేదు. పిండికి పేరుంది.

అప్పుడు ఆవిడ చిత్తూరులో రెండో యూనిట్ పెడతానని ప్రాజెక్ట్ రిపోర్టు కోసం నా దగ్గరికి వచ్చారు. యంత్రాలు, కోల్డ్‌రూమ్ కలిపి 28 లక్షలు. పీఎంఎఫ్‌ఎంఈ అనే చిన్న ఆహార యూనిట్ల కేంద్ర పథకం కింద 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు. అంటే 9 లక్షల 80 వేలు వస్తుంది, తన వాటాగా పది శాతం పెడితే చాలు. 2020లో ఈ పథకం వచ్చిన దగ్గర్నుంచి మా వైపు ఎంతమంది సబ్సిడీని చూసి మిషన్లు కొన్నారో నాకు తెలుసు. ఆ డబ్బు చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులో విడిగా ఉండి, ఖాతా సక్రమంగా నడిస్తేనే అప్పులో జమవుతుంది. ఈలోపు వడ్డీ, వాయిదా, కరెంటు బిల్లు ఎవరూ ఆపరు. బంధువుల పోరు వేరే. "ఐడీ ఫ్రెష్ పిండి వాళ్లు 2005లో బెంగళూరులో చిన్న గదిలో మొదలుపెట్టి గల్ఫ్ దాకా పోయినారు, నువ్వు చంద్రగిరి దాటలేకపోతే ఎట్లా?" అని.

నిజానికి ఆవిడ చంద్రగిరి దాటి ఒకసారి చూశారు. ముందు ఏడాది తమ్ముణ్ణి చిత్తూరులో కూర్చోబెట్టి, తిరుపతి నుంచే సరుకు పంపారు. పూతలపట్టు మీదుగా 70 కిలోమీటర్లు, రోడ్డు బాగుంది, వ్యాను ఏడు లోపు చేరేది. అయినా నాలుగైదు నెలల్లో మూసేశారు. ఎందుకని అడిగితే "అక్కడ జనం ఇంట్లోనే రుబ్బుకుంటారు సార్" అన్నారు. ఆ జవాబు నాకు నచ్చలేదు. గ్రీమ్స్‌పేటలో, కొంగారెడ్డిపల్లెలో కొట్లకు పోయి చూస్తే ఫ్రిజ్‌ల నిండా వేరే వాళ్ల పిండి ప్యాకెట్లున్నాయి.

రిపోర్టు పక్కన పెట్టి, ముందు లెక్కలు రాసే అమ్మాయికి ఒక పని అప్పజెప్పాను. అక్కను, అంటే యజమానురాలిని, ఎవరు ఏం అడిగినా, ఫోన్లోగానీ ఎదురుగాగానీ, ఒక గీత పెట్టి పక్కన విషయం రాయమన్నాను. రెండు వారాలు రాసింది. రోజుకు అరవైకి తగ్గలేదు. "లీలామహల్ సర్కిల్ కొట్టాయన పది ప్యాకెట్లు ఎక్కువడుగుతున్నాడు, వెయ్యమంటారా?" "ఫలానా మెస్సు ఆయన ఈ వారం కూడా డబ్బులివ్వలేదు, డబ్బా దించేదా వద్దా?" "సీలింగ్ మిషను హీటరు పోయింది, కొత్తది తెచ్చేదా?" వీటన్నిటి మధ్య రోజూ తప్పకుండా ఒంటిగంటన్నరకు గ్రైండింగ్ హాలు నుంచి ఒక ఫోను: "అక్కా, ఈపొద్దు ఎంత నానబెట్టేది?"

ఆవిడ పెళ్లిలో ఉన్నా, తిరుమల క్యూలో ఉన్నా ఈ ఫోను రావాల్సిందే. కొండ మీద క్యూలైన్లోకి ఫోను తీసుకుపోనివ్వరు కాబట్టి దర్శనానికి పోయేముందు రోజే అంకె చెప్పి పోయేవారు. ఇంత పెద్ద యూనిట్‌లో ఎదుగుదలకు అడ్డం పడుతున్నది మిషన్ల కెపాసిటీ కాదు. గ్రైండర్లు రాత్రి పదకొండు తర్వాత ఖాళీగానే ఉంటున్నాయి. రెండో ఊళ్లో రెండో యూనిట్ అంటే ఒంటిగంటన్నరకు రెండో ఫోను, అంతే.

ఆ అంకె ఆవిడ ఎలా చెబుతారో కూర్చుని అడిగాను. చాలాసేపు "అలవాటు సార్" అనే అన్నారు. కదిలిస్తే ఒక్కొక్కటే బయటికొచ్చాయి. శనివారం ఇక్కడ సగం ఇళ్లల్లో ఒక్కపొద్దు, రాత్రికి అన్నం ఉండదు, టిఫినే. అందుకని శుక్రవారం నానబెట్టేది ఎక్కువ. తమిళుల పెరటాసి నెల (సెప్టెంబరు-అక్టోబరు) శనివారాల్లో ఇంకా ఎక్కువ, పైగా తమిళనాడు నుంచి నడిచొచ్చే భక్తులతో మెస్సులు కిటకిటలాడతాయి. ఆదివారం పొద్దున దోసె, కోడికూర; ఇడ్లీ పిండి కదలదు. సంక్రాంతికి, వేసవికి యూనివర్సిటీ హాస్టళ్లు, పీజీలు ఖాళీ. గంగజాతర వారంలో ఒక్కో వీధిది ఒక్కో లెక్క. వాన పడితే కొట్టుకు వచ్చేవాళ్లు తగ్గుతారు. మినుముల సరుకు మారినప్పుడు పప్పు తాగే నీళ్లు మారతాయి, అదే తూకానికి వచ్చే పిండీ మారుతుంది. ఇంత జ్ఞానం ఒక్క బుర్రలో ఉంది, కాగితం మీద ఒక్క ముక్క లేదు.

ఇప్పుడు డబ్బు లెక్క. కిలో ప్యాకెట్ కొట్టుకు వేసే ధర 44 రూపాయలు. బియ్యం, పప్పు, కవరు, కరెంటు, కూలి, డీజిలు కలిపి ఖర్చు 33. మిగిలేది 11. ప్యాకెట్ అమ్ముడుపోక వెనక్కి వస్తే 33 మొత్తం కాలవలోకే, ఎందుకంటే ఈ లైన్లో రిటర్న్ తీసుకోకపోతే కొట్టువాడు సరుకే పెట్టుకోడు. అంటే వెనక్కొచ్చిన ఒక్కో ప్యాకెట్ మూడు ప్యాకెట్ల లాభాన్ని మింగుతుంది. సరుకు చాలకపోతే పోయేది 11, మిగిలిపోతే పోయేది 33. ఈ తేడా తెలిస్తే అప్పుడప్పుడూ కొట్లలో పిండి అయిపోవడమే మంచిదని అర్థమవుతుంది. ప్యాకెట్‌కు మూడు రోజుల గడువుంది గనక నష్టం రెండో రోజుకు కొంత సర్దుకుంటుందిగానీ దిశ మారదు.

యూనిట్‌లో జరుగుతున్నది దీనికి పూర్తిగా తిరగబడి ఉంది. రిటర్న్‌లు 9 శాతం. రోజుకు 58 ప్యాకెట్లు, నెలకు 58 వేల రూపాయలు. కారణం అంకె చెప్పడంలో ఆవిడ తడబడటం కాదు. సరుకు చాలలేదని కొట్టువాళ్లు నేరుగా ఆవిడకే ఫోన్ చేసి అరుస్తారు. రిటర్న్ క్రేట్లు మాత్రం ఎవరితోనూ మాట్లాడవు. డ్రైవరు వాటిని మధ్యాహ్నం షెడ్డు వెనక దించి, రాత్రి వాచ్‌మన్ పారబోసేవాడు. అరుపు వినబడినచోట అంకె పెరుగుతుంది.

అందుకని మొదట మార్చింది మనుషుల్ని కాదు, క్రేట్లు దించే చోటుని. వెనక్కొచ్చిన ప్యాకెట్లన్నీ పన్నెండున్నర లోపు గ్రైండింగ్ హాలు గుమ్మం ముందే దించాలని పెట్టాం. ఉబ్బిన ప్యాకెట్లు, పులిసిన వాసన. రుబ్బేవాళ్లు ముక్కు మూసుకుని తిట్టుకున్నారు. నాలుగు రోజులయ్యాక వాళ్లే లెక్కపెట్టడం మొదలుపెట్టారు. గోడకు నల్లబోర్డు కొట్టించి మూడు అంకెలు రాయమన్నాం: నిన్న పంపింది, వెనక్కొచ్చింది, సాయంత్రం ఏడు లోపే సరుకు అయిపోయిన కొట్లు ఎన్ని. ఈ మూడోది ముఖ్యం. అమ్మకాల పుస్తకంలో అమ్మింది కనబడుతుంది, అడిగి లేదనిపించుకుని పోయినవాళ్లు కనబడరు. రాత్రి ఎనిమిదికి అయిపోతే ఫరవాలేదు, నాలుగింటికే అయిపోతే ఆలోచించాలి.

తర్వాత అసలు ప్రశ్న. ఒంటిగంటన్నర అంకె ఎవరు చెప్పాలి? ఇంట్లోవాళ్లందరి మనసులో తమ్ముడే. డిగ్రీ చదివాడు, ఎక్సెల్ తెలుసు, రక్త సంబంధం. నేను గ్రైండింగ్ హాల్లో సీనియర్ ఆవిడ పేరు చెప్పాను. ఏడో తరగతి దాకా చదువు, మొదటి గ్రైండర్ నాటి నుంచి ఉంది, హాల్లో అందరూ పెద్దమ్మ అంటారు. నా కారణం ఒక్కటే. వెనక్కొచ్చిన ప్యాకెట్‌ను చేత్తో పట్టుకునేదీ, పప్పు ఎంత నీళ్లు తాగిందో చూసేదీ, రాత్రి రుబ్బాల్సిందీ ఆమే. నిర్ణయం, దాని ఫలితం ఒకే మనిషి ముందుకు రావాలి. తమ్ముడు మాట మామూలుగా అనలేదు: "నేను డిగ్రీ చదివి పెద్దమ్మ చెప్పిన లెక్కకు వ్యాను తోలాల్నా?"

అతని కోపంలో న్యాయం లేకపోలేదు. చిత్తూరు ప్రయత్నం ఎందుకు పోయిందో అతన్ని విడిగా కూర్చోబెట్టి అడిగితే తెలిసింది. వినాయక చవితి నుంచి కాణిపాకంలో ఇరవై ఒక్క రోజులు బ్రహ్మోత్సవాలు. అక్కడి హోటళ్లు తిరిగి చూసి రోజుకు 60 కిలోలు ఎక్కువ పంపమన్నాడు. అక్క తిరుపతిలో కూర్చుని 20 చాలన్నారు. సరుకు చాలక రెండు హోటళ్లు వేరే వాళ్ల దగ్గరికి పోయాయి. తర్వాత వారం మళ్లీ ఎక్కువ అడిగాడు, మళ్లీ కోత. ఆ తర్వాత అతను అడగడం మానేశాడు. "నువ్వే చెప్పక్కా, ఎంత పంపితే అంత అమ్ముతా." అక్కకు అది బాధ్యత లేనితనంగా కనబడింది. నా లెక్కలో చిత్తూరు మూతపడింది ఆ మాట అన్న రోజున, షట్టరు దించింది మాత్రం మూడు నెలల తర్వాత.

అందుకే పెద్దమ్మకు అప్పజెప్పేటప్పుడు హద్దులు కాగితం మీద రాశాం. గత నాలుగు వారాల్లో అదే వారం రోజున నికరంగా ఎంత అమ్ముడైందో దాని సగటు మొదటి అంకె. దానిమీద 15 శాతం దాకా అటూ ఇటూ ఆమె ఇష్టం, ఎవరికీ చెప్పనక్కర్లేదు, తర్వాత సంజాయిషీ కూడా అక్కర్లేదు. అంతకు మించితే ఒంటిగంట లోపు అక్కకు చెప్పాలి. గోడ క్యాలెండర్‌లో పెరటాసి శనివారాలు, కార్తీక సోమవారాలు, జాతర, కాలేజీ సెలవులు అక్క చేతే ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టించాం. ధర, కొత్త డీలరు, అప్పు, పిండి పాళ్లు మాత్రం అక్కవే. జీతం మూడు వేలు పెంచమన్నాను. ఆవిడ అన్నిటికీ ఒప్పుకుని దీనిదగ్గర ఆగారు. "అదే పని కదా సార్ చేస్తా ఉండేది?" అన్నారు. కాదు, నిన్నటిదాకా మీరు చేసిన పని చేస్తుంది అన్నాను. ఇంకో నెల తర్వాత పెంచారు.

డ్రైవర్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. చాలా కొట్లలో కరెంటు బిల్లు కోసం రాత్రి ఫ్రిజ్ ఆపేస్తారు. ఇడ్లీ పిండి పొంగేదే అందులోని బ్యాక్టీరియా వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్ల. చల్లదనం తగ్గితే అది మళ్లీ పని మొదలుపెడుతుంది, పొద్దునకు ప్యాకెట్ దిండులా ఉబ్బుతుంది. పొద్దున్నే ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టి చూసేది డ్రైవరే. వెచ్చగా ఉంటే రిటర్న్ తీసుకోను అనే అధికారం, రెండోసారి అదే జరిగితే ఆ కొట్టుకు సరుకు ఆపే అధికారం అతనికే ఇచ్చాం. పదకొండు కొట్లు పోయాయి. మూడు నెలల్లో సగం తిరిగొచ్చాయి, ఫ్రిజ్ ఆపకుండా.

పరీక్ష అక్టోబరులో వచ్చింది. పెరటాసి శనివారం కోసం పెద్దమ్మ శుక్రవారం మధ్యాహ్నం పూర్తి 15 శాతం పెంచి నానబెట్టింది. శనివారం పొద్దున మొదలైన వాన రాత్రిదాకా ఆగలేదు. రెండు రోజుల్లో నూటయాభై దాకా ప్యాకెట్లు వెనక్కొచ్చాయి, గుమ్మం ముందు క్రేట్లు నడుమెత్తు. యజమానురాలు ఆఫీసు గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. పెద్దమ్మ తలెత్తలేదు. హాల్లో గ్రైండర్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆవిడ కాసేపు చూసి, నేలమీద నీళ్లు ఎవరూ తుడవలేదని చిన్నపిల్లల మీద గట్టిగా అరిచి వెళ్లిపోయారు. రాత్రి నాకు ఫోన్ చేసి గంటసేపు మాట్లాడారు. రేపట్నుంచి మళ్లీ నేనే చెబుతా, ఐదు వేలు నీళ్లల్లో పోసినట్టయింది అన్నారు. నేను ఒకటే అడిగాను: శుక్రవారం మీరైతే ఎంత చెప్పేవారు? కొంచెంసేపు ఆగి, అంతే చెప్పేదాన్నన్నారు.

సోమవారం ఆవిడ మదనపల్లెలో పుట్టింటికి వెళ్లి వారం ఉన్నారు. నేను పంపలేదు, తనే వెళ్లారు. ఒంటిగంట నుంచి మూడు దాకా ఫోను ఆఫ్. పెద్దమ్మ ఆ వారం అంకెలన్నీ తగ్గించే చెప్పింది, దెబ్బ తిన్నవాళ్లు అంతే చేస్తారు. రెండు రోజులు కొట్లలో సరుకు చాలలేదు. బోర్డు మీద మూడో అంకె పెరగడం చూసి గురువారానికి తనే సర్దుకుంది. నాకు ఈ కేసులో అన్నిటికన్నా విలువైనది ఈ గురువారమే. ఎవరూ చెప్పకుండా అంకె కిందికి పోయి, ఎవరూ చెప్పకుండా మళ్లీ పైకి వచ్చింది.

ఆరు నెలలకు రిటర్న్‌లు 9 నుంచి 4 శాతానికి దిగాయి. నెలకు ముప్పైవేలు దాటి మిగిలింది. ఆ డబ్బుతోనే చిత్తూరు మళ్లీ తెరిచాం, యూనిట్ పెట్టి కాదు. కొంగారెడ్డిపల్లెలో ఒక గది, అద్దం తలుపుల ఫ్రిజ్‌లు (విసీ కూలర్లు) రెండు, నెల అద్దెకు ఇన్సులేటెడ్ బండి. నచ్చకపోతే నెల నోటీసుతో తాళం వేసి రావచ్చు. 28 లక్షల యూనిట్‌కు ఆ సౌకర్యం ఉండదు. చిత్తూరుకు ఎంత కావాలో చెప్పేది అక్కడ సరుకు దించే కుర్రాడు; తిరుపతి అంకెకు దాన్ని పెద్దమ్మ కలుపుకుంటుంది. తర్వాతి వేసవికి చిత్తూరు అమ్మకం 220 కిలోలకు చేరింది.

తమ్ముడికి హోటళ్లు, మెస్సుల వసూళ్లు పూర్తిగా అప్పగించాం. బాకీలు అప్పటికి ఆరు లక్షలు. ఎవరికి ఎన్నాళ్లు అప్పు ఇవ్వాలి, ఎవరికి డబ్బా ఆపాలి అన్నది అతని మాటే, అక్క మధ్యలో వేలు పెట్టకూడదు. ఇది సగమే పనిచేసింది. పాత మెస్సు ఆయన ఒకాయన ఇప్పటికీ నేరుగా అక్కకు ఫోన్ చేస్తాడు, ఆవిడ "మనవాళ్లే కదరా" అంటారు, తమ్ముడు ముఖం ముడుచుకుంటాడు. సెలవులు, అడ్వాన్సులు, కొత్తవాళ్లను తీసుకోవడం కూడా ఆవిడ వదల్లేదు. రోజుకు అరవై ప్రశ్నలు ఇరవై అయ్యాయి. ఇంకా తగ్గుతాయని నేను అనుకోవడం లేదు, తగ్గాలని కూడా లేదు. పద్నాలుగు మంది యూనిట్‌లో యజమాని ఊరికే కూర్చుంటే అదో జబ్బు.

పెద్దమ్మ ఒక్కతే అయితే మళ్లీ పాత కథే అవుతుంది. గత ఏడాది ఆమె కూతురి పెళ్లికి పది రోజులు సెలవు పెట్టినప్పుడు అది తెలిసొచ్చింది. అప్పట్నుంచి వారంలో రెండు రోజులు అంకె చెప్పేది ఆమె పక్కన పనిచేసే అమ్మాయి. పెద్దమ్మ విని ఊరుకుంటుంది, సరిదిద్దదు. ఆ ఊరుకోవడం ఆమెకు ఎవరూ నేర్పలేదు.

చిత్తూరులో యూనిట్ పెట్టే మాట ఇప్పుడు మళ్లీ నడుస్తోంది. ఈసారి షెడ్డు, మిషను, సబ్సిడీ గురించి తర్వాత మాట్లాడుకుందామనుకున్నాం. ఆ అమ్మాయి చిత్తూరు వెళ్లడానికి సిద్ధమే, జీతం ఎంతో కూడా తేలింది. వాళ్లాయన తిరుపతిలో ఆటో నడుపుతాడు, అతనింకా ఒప్పుకోలేదు. అతనికి అక్కడ డెలివరీ బండి ఇచ్చే సంగతి తమ్ముడు మాట్లాడుతున్నాడు. అది తేలేదాకా షెడ్డుకు అడ్వాన్సు ఇవ్వవద్దని చెప్పాను, ఆవిడ ఇవ్వలేదు.